కట్టు కింద నడిచిన గేదె

మీ దొడ్లో ఒక గొడ్డు కంట నీరు కారుస్తూ, నోరంతా పుళ్లై, గడ్డి ముట్టకుండా నిలబడితే మీరు దాన్ని ఎక్కడ కడతారు? రోజూ కట్టే గుంజకే, పక్క గొడ్డుకు ఆనించి కడతారు కదూ? రెండింటికీ ఒకే గోలెంలో కుడితి పోస్తారు. ఆ పైన అమ్మవారికి మొక్కుకుంటారు. మిమ్మల్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. తిట్టడంలో నాకు మంచి పేరే ఉంది. ఆ పేరు మా అక్కకు ఏం తెచ్చిపెట్టిందో చెప్పడానికి రాస్తున్నాను.

గోదావరికి ఆనకట్ట కట్టి, మా కోనసీమలో కాలువలు తవ్వుతున్న రోజులవి. పలివెలకు కోసెడు దూరంలో, గౌతమి ఒడ్డున మా ఊరు. నాకు ఇరవై దాటాయి. నాన్న పోయాక ఇంటి పెత్తనం అన్నయ్య చేతికి వచ్చింది. అక్క పెళ్లయిన నాలుగో ఏట భర్తను పోగొట్టుకొని మా ఇంటికి చేరింది. నాన్న బతికుండగా ఆమెకొక పెయ్యదూడను ఇచ్చాడు. అది పెరిగి గేదె అయింది. దాని పాడి ఉన్నన్నాళ్లూ అక్క నెయ్యి అమ్ముకొని, తన ఉప్పూ నూనే బట్టా తానే తెచ్చుకొని, పెరటి వసారాలో వేరే పొయ్యి మీద వండుకునేది. గేదె ఒట్టిపోయిన నెలల్లో వదిన వడ్డించినది తినేది. వదిన చెడ్డది కాదు. ఒక్క పూటా తక్కువ పెట్టలేదు. అయినా అక్క ఒకసారి నవ్వుతూ నాతో అంది:

"గరిటె గిన్నెకి తగిలే చప్పుళ్లో తేడా తెలిసిపోతాదిరా తమ్ముడూ. నీకు తెలీదులే, నువ్వు మగాడివి."

ఆ వేసవిలో గేదె నిండుచూడితో ఉంది. ఇంకొక్క నెలలో ఈనుతుంది. వసారాలో పొయ్యి మళ్లీ రాజేసుకోవచ్చని అక్క ఆ నెల ఎప్పుడు గడుస్తుందా అని చూస్తోంది.

అప్పుడే గొడ్లకు పెద్దరోగం వచ్చింది. కాలువ పనికి రాళ్లు తోలే బండెడ్లతో వచ్చిందని కొందరు, అమ్మవారు అలిగిందని తక్కినవారు అన్నారు. ముందు పొరుగూళ్లో, తర్వాత మా ఊరి దిగువ వీధిలో పశువులు పడ్డాయి. చచ్చిన గొడ్లను మోసుకుపోయి తోలు తీసే ముసలాయన ఒకరు మా ఊరి వెలుపల ఉండేవాడు. ఎవరి గడపా ఎక్కనివ్వని ఆ మనిషిని ఆ రోజుల్లో ప్రతి దొడ్డికీ పిలిచారు. ఒక ఉదయం మా దొడ్డి కంచె అవతల ఆగి, గేదెను చూసి అన్నాడు:

"అయ్యగారండీ, చూలుతో ఉన్నట్టుందండి. లంకలోకి తోలెయ్యండి."

"ఎందుకు?"

"నన్ను పిలిచిన వరసని బట్టి చెప్తన్నానండి. ఒక గోలెంలో తాగినియ్యి ఒకదానెనక ఒకటి పోతన్నాయండి. నా చిన్నప్పుడు వచ్చినప్పుడూ ఇంతేనండి. ఏటవతల లంకలో మేసేటియ్యి బతికేయండి."

"ఈ మాట ఊరి పెద్దలతో చెప్పలేకపోయావా?"

ముసలాయన నా వైపు జాలిగా చూశాడు. "నా మాటాండీ? ఆయ్, చెప్తానండి. ఆళ్లు ఇంటే కదండీ."

నేను చదివిన చదువులో ఎక్కడా లేని మాట అది. చచ్చిన పశువుల వరసను గుర్తుపెట్టుకొని, రోగం ఏ గోలెం దగ్గర బయల్దేరి ఏ గోలెం దగ్గరికి వెళ్లిందో తన కాళ్లతో కొలిచి చూసినవాడు మా ఊరిలో ఆయన ఒక్కడే. ఆ పూటే అక్కా నేనూ గేదెను తోలుకొని వెళ్లాం. వేసవి కావడంతో ఏరు సన్నగా పారుతోంది. మోకాటి లోతు నీళ్లలో నడిచి లంకకు చేరి, మాకు తెలిసిన ఒక రైతు పాక దగ్గర గేదెను వదిలి వచ్చాం. తిరిగివచ్చేటప్పుడు అక్క వెనక్కి తిరిగి తిరిగి చూసింది.

నాలుగు రోజుల తర్వాత ఊరి పెద్ద, మాకు వరసకు బాబాయి, తన అరుగు మీద సభ పెట్టాడు. పొలిమేరలో కట్టు కట్టించాలన్నారు. రెండు తాటి గుంజలు పాతి, మధ్యన పసుపు రాసిన కొబ్బరితాడు కట్టి, వేపకొమ్మలు వేలాడదీసి, ఊళ్లోని ప్రతి పశువునూ దాని కింద నడిపించాలి. అమ్మవారు పట్టినవి ముందు నడవాలి, ఎందుకంటే ఆమె వాటిమీద ఉంది, ఆమెకు మర్యాద చేయాలి. కట్టు పక్కన ఒక పెద్ద కాగులో పసుపునీళ్లు పెట్టి, ఒకే వేపమండను ముంచి ముంచి ప్రతి గొడ్డు మూతీ తుడవాలి. ఒక్క పశువు తప్పినా ఊరందరికీ చేసిన కట్టు పనిచేయదు. ఇదీ ఆచారం.

నేను లేచాను. రామచంద్రపురంలో మిత్రులతో కూర్చొని మతం మీదా మూఢత్వం మీదా వాదించి వాదించి నా నాలుక బాగా పదునెక్కి ఉంది.

"అమ్మవారు ఊరికి తల్లేనా?" అని అడిగాను.

"తల్లే మరి," అన్నాడు పెద్ద.

"బిడ్డల నోటి దగ్గర పాలు లాక్కొని, దున్నే ఎడ్లను చంపేది తల్లి ఎలా అవుతుంది? చంపేది ఆమె కాదంటే, ఆమెను బతిమాలుకోవడం దేనికి? ఆమేనంటే, అలాంటిదానికి దణ్ణం దేనికి?"

ఎవరో వెనకనుంచి "చదువుకున్నాడుగదా, ఆ చదువుతో ఓ గేదెని ఈనించమనండి చూద్దాం" అన్నారు. అరుగంతా నవ్వింది. నేను ఊరుకోలేదు. ఇంకొక అరగంట మాట్లాడాను. చివరికి ఒక్కొక్కరే కండువా దులుపుకొని లేచిపోయారు. నేను గెలిచాను. మర్నాడు పొద్దున్నే గౌతమి దాటి రామచంద్రపురం వెళ్లాను. ఎందుకు వెళ్లానో దాచను: ఆ గెలుపు మిత్రులకు చెప్పుకోవడానికి. మూడు రోజులు అక్కడే ఉండిపోయాను.

తిరిగివచ్చేసరికి గేదె మా దొడ్లో ఉంది. మూతి చుట్టూ పసుపు ఎండిపోయి ఉంది.

"ఎందుకు తెచ్చేవక్కా?"

అక్క గడ్డి వేస్తూ, తల తిప్పకుండా చెప్పింది. "బాబాయిగారు మన గుమ్మంలోకి వచ్చేర్రా. 'నీ తమ్ముడి నోటికి అమ్మవారు అలిగింది, ఇప్పుడు నీ గేదె కూడా తప్పితే ఊరి పాపం నీకే చుట్టుకుంటాదమ్మా' అన్నారు. బావి దగ్గర ఒక్కరూ పలకలేదు. అన్నయ్య కూడా తీసుకురమ్మన్నాడు."

"నేను వచ్చేదాకా ఆగలేకపోయావా?"

"నువ్వు ఊళ్లో లేవు. నేనున్నాను."

పెళ్లికీ పేరంటానికీ మా అక్కను పిలవని ఊరు అది. ఆమె ఎదురైతే ప్రయాణం మానుకునే ఊరు. తనను అన్నిటికీ వెలివేసిన ఊరు తన గేదెను మాత్రం పేరుపెట్టి పిలిచింది. ఆ పిలుపుకు ఆమె లొంగిందంటే నేను ఆమెను ఏమనగలను? దిగువ వీధిలో చీమిడి కారుస్తూ నిలబడలేని ఎడ్లను రెండు పక్కలా ఆనించి పట్టుకొని ముందు నడిపించారట. వాటి మూతులు తుడిచిన మండతోనే అక్క గేదె మూతీ తుడిచారు.

వారం తిరిగేసరికి గేదె నెమరు మానింది. కళ్లు చెమర్చాయి. అక్క గంజి కాచి, చల్లార్చి, దోసిటితో పట్టింది. పెదవుల లోపల తవుడు అద్దినట్టు తెల్లటి పొక్కులు. గంజి పక్కలనుంచి కారిపోయింది. మూడో రోజున నీళ్లలా పారుడు పట్టుకుంది. ఆ వాసన నేను ఈనాటికీ మరిచిపోలేదు. అక్క తడిగుడ్డతో ఈగలు తోలుతూ దాని మెడ పక్కనే కూర్చుంది. ఐదో రోజు మధ్యాహ్నం అది నెలలు నిండకుండానే దూడను వేసేసింది. పెయ్యదూడ. వెంట్రుకలు వచ్చేశాయి, గిట్టలు వచ్చేశాయి, ఊపిరి మాత్రం లేదు. గేదె దాని వైపు తల తిప్పడానికి ప్రయత్నించింది, కుదరలేదు. అక్క ఆ దూడను ఈడ్చి తల్లి మూతి దగ్గర పెట్టింది. గేదె నాలుక బయటకు వచ్చింది గాని నాకలేకపోయింది. పొద్దు వాలకముందే అదీ పోయింది.

ముసలాయనను పిలిచాం. ఆయన కంచె అవతలే ఆగాడు.

"లంకలో ఉందనుకున్నానండి," అన్నాడు.

"ఉంచేం తాతా," అంది అక్క. "మళ్లీ తెచ్చుకున్నాం."

ఆయన పార అందుకున్నాడు. తోలు తీయకుండా, తల్లినీ పిల్లనూ ఒకే గోతిలో లోతుగా పూడ్చి పెట్టాడు. తోలు ఎక్కడికి పోతే రోగమూ అక్కడికి పోతుందని, నెలరోజులుగా ఏ తోలూ తీయడం లేదని చెప్పాడు. ఆ నెలలో ఆయన ఇంట్లో ఏం తిన్నారో అడగాలని నాకు అప్పుడు తోచలేదు.

కట్టు నడిచిన నెలలోపల ఊళ్లో సగం దొడ్లు ఖాళీ అయ్యాయి. ఊరి పెద్ద రెండెడ్లూ పోయాయి. తొలకరి పడ్డాక, ఎద్దుల్లేని కాడి మీద కూర్చొని ఉన్న ఆయన్ను చూశాను. ఆయన మీద కోపంతోనే దగ్గరకు వెళ్లాను. ముసలాయన చెప్పిన మాట, గోలేల వరస, లంక సంగతి అన్నీ చెప్పాను. ఆయన తల ఎత్తాడు.

"ఈ మాట ఆ రోజు అరుగు మీద చెప్పేవా అబ్బాయ్?"

లేదని తల ఊపాను.

"జబ్బు గొడ్లు ఆఖర్న నడవాలంటే నేను కాదంటానా? మండలు ఇంటికోటి చొప్పున తెచ్చుకోమంటే వేపచెట్లకి కరువా? అమ్మవారికి ముందైతేనేం, వెనకైతేనేం. నువ్వు మా తల్లిని తిట్టేవు. గొడ్ల సంగతి ఒక్క ముక్కా ఎత్తలేదు."

నిజం. అరగంట మాట్లాడాను. నాకు తెలిసిన ఒకే ఒక్క పనికివచ్చే సంగతి, ముసలాయన నాకు ఇచ్చినది, అందులో లేదు. అది చెబితే వాదం గెలిచినట్టు ఉండేది కాదు. తోలు తీసేవాడి మాట నా నోట పలకడం నాకు చిన్నతనంగా కూడా తోచి ఉంటుంది. దేవుళ్లను నమ్మని నేను ఆ ఒక్క విషయంలో ఊరివాళ్లలాంటివాణ్ణే.

అక్క మరో తొమ్మిదేళ్లు బతికింది. వసారాలో పొయ్యి మళ్లీ రాజుకోలేదు. వదిన పెట్టినది తినేది. మజ్జిగ పోస్తానంటే, కడుపు నిండిందని విస్తరి మడిచేసేది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

చదివేవారూ, పెద్దరోగం ఇంకా పోలేదు. ఏ ఏడు ఏ ఊరికి వస్తుందో తెలియదు. ఈ కాగితం పక్కన పెట్టి దొడ్లోకి వెళ్లండి. మేత మానిన గొడ్డు ఉంటే ఇప్పుడే పలుపు విప్పి దూరంగా కట్టండి, దాని గోలెం వేరు చేయండి, దాన్ని తాకిన చేతులు కడుక్కొని తక్కినవాటి దగ్గరకు వెళ్లండి. మీ ఊళ్లో చచ్చిన గొడ్లను మోసే మనిషిని పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, ఏ దొడ్డి తర్వాత ఏ దొడ్డికి వెళ్లాడో అడగండి. ఆ మాట పట్టుకొని మీ పెద్దల దగ్గరకు వెళ్లండి. అమ్మవారి ఊసు ఎత్తకండి. జబ్బు గొడ్డును మంద నుంచి విడదీయమని మాత్రం అడగండి, ఒప్పుకునేదాకా అక్కడినుంచి కదలకండి.