రెగ్జిన్ సంచిలో సీట్లు

డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌కు మారిన రెండో ఏడు నన్ను మా విశ్వవిద్యాలయంలో అనుబంధ విభాగానికి సూపరింటెండెంటుగా వేశారు. డిగ్రీ పిల్లల్లో ఒక్కరికీ మేం పాఠం చెప్పం. ఆ పని అనుబంధ కాలేజీలది. మేం పరీక్ష పెట్టి పట్టా ఇస్తాం, ఏటా వెళ్లి కాలేజీ ఉన్నచోటే ఉందా అని చూసొస్తాం. అలా చూసే బృందం పేరు నిజ నిర్ధారణ కమిటీ. అధ్యక్షుడుగా ఒక ప్రొఫెసరు, పక్కన ఒక సబ్జెక్టు నిపుణుడు, ఫైలు మోయడానికి నేను. మధ్యాహ్నం నాటుకోడి పులుసు ఉంటే నిజం తొందరగా నిర్ధారణ అవుతుంది.

ఆ సెప్టెంబరులో మైదుకూరు దారిలో ఒక కాలేజీకి వెళ్లాం. గోడలు ఎంత పల్చనంటే, ఒక గదిలో కామర్స్ చెబితే పక్క గదిలో హిస్టరీ పిల్లలు కామర్స్ పాసయ్యేవాళ్లు. కరస్పాండెంటు ఓబులేసు శాలువాలతో ఎదురొచ్చాడు. వెనకే అటెండరు, చంకలో ఉబ్బిన రెగ్జిన్ సంచి. లోపల శాలువాలే ఉన్నాయనుకున్నాను.

బీకాం మొదటి ఏడాది గదిలో హాజరు పిలుస్తుంటే మంగంపేట నుంచి వచ్చిన సువార్త అనే అమ్మాయి లేచి, "నేను ఈ కాలేజీ పెట్టుకోనే లేదు సార్" అంది.

"మరి ఈడ ఎట్ల ఉండావు పాపా?" అని అడిగాను.

"కర్నూల్లో జియాలజీ సదవాలని ఉండె సార్. మా నాయన ముగ్గురాళ్ల గనిలో పని చేస్తాండాడు. మాకుండే ఫోను ఒకటే, అది నాయనతో గనికి పోతాది. ఈ సార్లు ఇంటికొచ్చి, మేమే అప్లికేషన్ పెడతామని వాళ్ల నంబరు రాసుకున్నారు."

ఓబులేసు నవ్వాడు. "కొత్త కదా సార్, దిగులు పడతాండాది. రెండు దినాల్లో అలవాటైపోతాది."

సీటు మార్చుకునే గడువు ఆ సాయంత్రం ఐదు గంటలకు ముగుస్తుంది. మార్చాలంటే విద్యార్థి నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. నా ఫైలులో సువార్త పేరు పక్కనున్న నంబరుకు ఫోన్ చేశాను.

అటెండరు చంకలో కోడిపుంజు కూసింది.

ప్రొఫెసరుగారు ఇంకో నంబరు కొట్టారు. సంచిలో పసిపిల్ల ఏడ్చింది. నిపుణుడు మూడోది కొట్టేసరికి అంబులెన్సు మోగింది. ఒక్కో విద్యార్థికి ఒక్కో సిమ్ము, ఒక్కో బటన్ ఫోను! ఆఖరి రోజు ఎవరైనా జారిపోతారేమోనని ఓబులేసు ఆ సంచిని కంటి ఎదుటే ఉంచుకున్నాడు.

ఆయన నన్ను పక్కకు లాగాడు. "ఏమప్పా సూపరింటెండెంటూ, నువ్వు మనోడివే కదా!"

నేను గట్టిగా అడిగాను. "ఈ ఫోన్లు మీవా, పిల్లలవా? మీవంటే మాకిచ్చిన జాబితా తప్పుడుదని రాసుకుంటాను. పిల్లలవంటే ఇప్పుడే పంచండి."

ఓబులేసు సీలింగు ఫ్యాను వైపు చూశాడు. అది తిరగడం లేదు. "పిల్లలవే సార్" అన్నాడు. "భద్రంగా ఉంటాయని పెట్టినా."

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "నా ఫోను యాడ సార్?"

కాలేజీలో పనిచేసే ఒకే ఒక కంప్యూటరు ముందు సువార్త కూర్చుంది. నాలుగున్నరకు కోడిపుంజు ఫోనుకే ఓటీపీ వచ్చింది. సీటు జియాలజీకి మారింది. బీరువాలోని టీసీని కూడా, తాళంచెవి మూడుసార్లు పోయాక, ఇప్పించాను.

మా నివేదిక పైకి వెళ్లింది. కాలేజీకి అనుబంధం కొనసాగింది, షరతులతో. మరుసటి ఏడు నేను మళ్లీ వెళ్లి, మళ్లీ నంబర్లు కొట్టాను. ఎక్కడా చప్పుడు లేదు. అటెండరు చంకలో సంచి మాత్రం సన్నగా వణుకుతోంది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: తనిఖీతో కాలేజీ బాగుపడదు, తర్వాతి తనిఖీకి తయారవుతుంది, అంతే. తప్పుడు రికార్డు దొరికితే కొట్టేయకూడదు. ముందు రాసినవాడిని దానికి కట్టుబడేట్టు చేయాలి. అదీ ఐదు గంటలలోపు.