గీత మీది సున్నం

నిన్న మధ్యాహ్నం టీవీలో టెన్నిస్ వస్తుంటే, పక్కన మనవరాలు ఉందన్న ధైర్యంతో, ఎవరూ అడక్కపోయినా తీర్పులు చెబుతూ కూర్చున్నాను. ఆడుతున్నవాడు ఒకప్పుడు ఎదురులేని మొనగాడు. ఇప్పుడు మోకాలికి పట్టీ, పలచబడ్డ జుట్టు, తువ్వాలుతో మొహం తుడుచుకునే వంకన ఊపిరి తీసుకోవడం. ఇతనికి ఇదే ఆఖరి ఏడా అని వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు ఒకటే ఊదరగొడుతున్నారు. ఆ ప్రశ్న చెవిన పడగానే నా మనసు సూర్యాపేటకు పోయింది. అదే ప్రశ్నను, ఇంతకంటే మెల్లగా, ఇంతకంటే మర్యాదగా, మా మేనమామ వెనకాల మూడు ఊళ్ళవాళ్ళు అనుకోవడం నేను విన్నాను.

మామ సూర్యాపేటలో వకీలు. నేను కోదాడ నుంచి వచ్చి ఆయన దగ్గర జూనియరుగా చేరి, ఆయన ఇంట్లోనే తింటూ, ఆయన వరండాలోనే ఉర్దూలో అర్జీలు రాసుకుంటూ, సాయంత్రాలు ఆయనతోనే టెన్నిస్ ఆడుతూ ఉండేవాణ్ణి. ఆయన గెలిచిన దావాలు ఎవరికి గుర్తున్నాయో గాని, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ క్లబ్బులకు ఏటా జరిగే టెన్నిస్ పోటీలో ఆయన్ను ఓడించినవాడు మాత్రం లేడు. మన వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు, అప్పట్లో తాలూకా క్లబ్బంటే రెండు గదుల పెంకుటిల్లు, ఒక క్యారంబోర్డు, వెనకాల మొరం పరిచి దిమ్మిస కొట్టిన ఆటస్థలం. అంపైరంటూ ఎవడూ ఉండడు. బంతి ఎవరి వైపు పడితే లోపలో బయటో వాళ్ళే చెప్పాలి, చెప్పిందే తీర్పు, అవతలివాడు కాదనకూడదు. కచేరీలో వినే తీర్పుల కంటే మామకు ఆ రివాజు మీదే గౌరవం ఎక్కువ. తనకు నష్టమైనా సరే, బంతి లోపల పడిందని అరిచి మరీ చెప్పేవాడు. జనం ఆయన ఆట కంటే ఆ అరుపుకే ఎక్కువ చప్పట్లు కొట్టేవారు.

గడబిడ రోజుల్లో రెండేళ్ళు ఆట బందయింది, ఆటస్థలంలో పల్లేరు మొలిచింది. పోలీసు చర్య తర్వాత, బస్సులు మళ్ళీ సక్రమంగా తిరగడం మొదలయ్యాక, పోటీ పెడదామని మిర్యాలగూడ నుంచి కబురొచ్చింది. ఆలోగా మామకు నలభై ఎనిమిది దాటింది. పొద్దున నడకకు పోయినప్పుడు మునగాల వైపు నుంచి వచ్చే బస్సు బోర్డు నన్ను చదవమనేవాడు. నన్ను పరీక్షిస్తున్నాడని కొన్నాళ్ళు అనుకున్నాను, నా తెలివి అట్లా తెల్లారింది! కళ్ళజోడు మాట ఎత్తితే కస్సుమనేవాడు. నేను కోదాడ పోయినప్పుడల్లా అమ్మ అన్నం వడ్డిస్తూ, "ఏరా, మీ మామ ఈ ఏడాది ఆడతాడంటావా? ఒంట్లో ఓపికుందా అసలు? పదిమందిలో పరువు పోగొట్టుకుంటాడేమోనని భయంగా ఉందిరా" అని అడిగేది. ఆయన ఆడతాడు, గెలుస్తాడు అని చెప్పి తలవంచుకుని తినేవాణ్ణి.

ఆ ఏడు పోటీ సూర్యాపేటలోనే. పుట్టిన ఊరి తరఫున ఆడాలన్నది లెక్క గనక నేను కోదాడవాణ్ణి. చివరి ఆటకు మిగిలింది మామ, నేను. క్లబ్బు తోటపని చూసే మాలీకి జ్వరమొస్తే గీతలు పోసే పని నేనే నెత్తినేసుకున్నాను. ఎప్పుడూ రెండు వేళ్ళ వెడల్పున పోసే గీతను, మామ కళ్ళకు ఆనాలని, నాలుగు వేళ్ళ వెడల్పు చేసి, సున్నం చిక్కగా కలిపి, మధ్యాహ్నం దాటాక పోశాను. సాయంత్రం ఆట మొదలయ్యేసరికి గీతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తడి సున్నం బంతికి అంటుకుంటుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

మొదటి సెట్టు ఆయనది, రెండోది నాది. మూడో దాంట్లో ఆయన కాళ్ళు ఈడ్చుకుంటున్నాడు. ఇంకొక్క పాయింటు నాకు వస్తే ఆట ముగుస్తుంది. నేను కొట్టిన బంతి ఆయన వెనక గీత మీద పడి, సున్నం చిందించి, అవతల తుమ్మకంపలోకి దూసుకుపోయింది. నాకు కనిపించింది. గీత పక్కన కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులందరికీ కనిపించింది. మామ ఒక క్షణం నేల వంక చూసి, ఎప్పటిలాగే గట్టిగా ఔట్ అన్నాడు. ఆ గొంతులో మోసం లేదు. చూడలేకపోయాడు, అంతే. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. కాదనకూడదన్న రివాజు సరే, పైగా మేనమామ, అన్నం పెట్టే చెయ్యి. నేను ఏమీ జరగనట్టు ఇంకో బంతి అందుకున్నాను. ఆ తర్వాత ఆట మీద నాకు మనసు నిలవలేదు, మామ గెలిచాడు. కప్పు చేత పట్టుకుని ఆయన నవ్వుతూ నాలుగు వైపులా చూస్తుంటే, చప్పట్లు కొడుతున్నవాళ్ళలో ఒక్కరూ ఆయన కళ్ళలోకి చూడలేదు.

ఆ రోజుల్లో బంతులు హైదరాబాదు నుంచి తెప్పించుకోవాలి, ఒక్కటి పోయినా మామ ఊరుకునేవాడు కాదు. మర్నాడు పొద్దున్నే తానే పోయి, చేతులు గీరుకుపోతున్నా కంపలో వెతికి తెచ్చాడు. వరండాలో అర్జీ రాసుకుంటున్న నా ముందు, కాగితాల మీద పెట్టాడు. మొరం దుమ్ముకు ఎర్రబారిన బంతి మీద ఒక పక్కన తెల్లటి మచ్చ ఎండి అంటుకుని ఉంది. నా చేత్తో కలిపిన సున్నమే.

"సున్నం నువ్వే పోస్తివి. బాల్ పడ్డది గూడ సూస్తివి. నాకు చెప్పకపోతివి గదరా అల్లుడా!"

"మీరు ఔటన్నంక నేనెట్ల కాదంట మామా? రివాజు గదా."

"రివాజు నాకు తెల్వదా? ఆట అయినంక, ఇంటికొచ్చి గీడ కూసున్నప్పుడన్న చెప్పరాదా? అందరు సూసిన్రు, నేనొక్కన్నే సూడలే. గంత ముసలోన్ని చేసిన్రా నన్ను?"

ఆయన కప్పు సంచిలో వేసుకుని కోదాడ బస్సెక్కాడు. అక్కడి క్లబ్బులో పదిమంది ముందు, తప్పు చెప్పింది తానేనని, ఆట కోదాడదని చెప్పి, కప్పు బల్ల మీద పెట్టి, చెల్లెలి ఇంట మంచినీళ్ళైనా తాగకుండా తిరిగి వెళ్ళిపోయాడని అమ్మ తర్వాత నాతో చెప్పి ఏడ్చింది. ఇంటికొచ్చి బ్యాటును వంకర పోకుండా చెక్క చట్రంలో బిగించి మేకుకు తగిలించాడు. మళ్ళీ దించలేదు.

ఓడినందుకు ఆయన ఆట మానలేదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతకు ముందు నేను రాసిన ప్రతి అర్జీ మీదా మా ఇద్దరికీ పోట్లాటే, అత్తయ్య లోపల్నుంచి వచ్చి కసిరేదాకా. ఆ తర్వాత ఆయన ఏదైనా రాస్తే, సరిగ్గా ఉందా అని నన్ను అడిగేవాడు. ఉంది మామా అంటే, నా మొహం వంక కాసేపు చూసి, కాగితం కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తానే మళ్ళీ చదువుకునేవాడు. ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చుని ఇంకో నాలుగేళ్ళు పనిచేశాం, ఎవరి ఒంటరితనం వారిదే. సాయంత్రాలు క్లబ్బుకు పోతే నాతో ఆడేవాళ్ళు దొరికేవారు, నాతో పోట్లాడే మనిషి మాత్రం దొరకలేదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు.

ఇప్పుడు ఆటలో ఆ బాధ లేదు. బంతి ఎక్కడ పడిందో యంత్రమే చూపిస్తుంది, ఎవరి మొహమాటంతోనూ పని లేదు. నిన్న ఆ పాత మొనగాడి వైపు బంతి పడగానే నేను గట్టిగా ఔటన్నాను. మనవరాలు తెర వంక చూసి, "అవ్ తాతా, ఔటే" అంది. మరుక్షణం యంత్రం చూపించింది, బంతి సగానికి పైగా గీత మీదే ఉంది. నేను దాని మొహం వంక చూశాను. బంతి గీత మీద పడ్డం చూసే ఔటన్నది. ఈ మధ్య ఇంట్లో నేను ఏమన్నా ఎవరూ కాదనడం లేదని, పెద్దవాణ్ణని ఎంత గౌరవమో అని ఇన్నాళ్ళూ మురిసిపోతున్నాను. చెప్పకపోతివి గదనే తల్లీ అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆ మాట అడగడానికి మామకున్న గుండె నాకు లేదు.