‘ఉంది’ అని పాడించింది నేనే

నిన్న పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తుతుంటే తాడిపత్రి నుంచి మెసేజ్. "దస్తగిరన్న పోయినాడు."

అంతే. ఇంకేం లేదు.

షట్టర్ సగంలో ఆపేసి, దాని కిందే నిలబడి మళ్లీ చదివాను. ఏ దస్తగిరి అని కూడా అనుకున్నా. మా వైపు వీధికొకరు ఉంటారు ఆ పేరుతో. కానీ నాకు మెసేజ్ పెట్టేంత దస్తగిరి ఒక్కడే.

నమ్మడానికి కాస్త టైం పట్టింది. తర్వాత బస్సెక్కాను.

ఈ కమ్యూనిటీలో చిన్నవాళ్లకి తెలియకపోవచ్చు. మేం స్కూల్లో ఉన్నప్పుడు అనంతపురం జిల్లాలో పాప్ సింగర్ అంటే దస్తగిరన్నే. మెరుపుల జాకెట్, నల్ల కళ్లద్దాలు, వెనక రెండు కీబోర్డులు, డ్రమ్స్, నలుగురు కోరస్. ప్రతి ఆటోలో ఆయన క్యాసెట్టే.

ఆ తర్వాత ఫ్యాషన్ మారింది. క్యాసెట్లు ఆగిపోయాయి. అన్న తాడిపత్రిలో బండల పాలిష్ పనికి వెళ్లాడు. పదేళ్లు ఆ దుమ్ములోనే. గొంతు బొంగురుపోయింది.

నేను హైదరాబాద్‌లో సౌండ్ కోర్స్ చేసి వచ్చి, అనంతపురంలో ఒక మైకు, ఒక కంప్యూటర్‌తో మా ఇంటి ముందు గదిలోనే స్టూడియో పెట్టిన కొత్తల్లో, ఒకరోజు అన్నే వచ్చాడు. చేతిలో కంజీర.

"పాటలు రికార్డు చేయల్లప్పా. నా గొంతు, ఈ కంజీర. ఇంగేమీ వద్దు."

కీబోర్డు లేకపోతే ఎవరు వింటారన్నా అన్నాను.

"ఇన్నేండ్లూ వాటెనక దాంకోనుంటి. మాయమ్మ ఒక్క క్యాసెట్టు వినైనా 'నా కొడుకు పాడినాడు' అనలే. ఆ మోతలో నువ్వు యాడున్నావురా అనేది. ఆయమ్మకు డెబ్బై దాటినాయి. ఒక్కసారి వినిపియ్యల్ల."

ఆల్బమ్ మొత్తం అందుకే. కమ్‌బ్యాక్ అనే మాట CD కవర్ మీద నేను వేసింది.

మే నెల. ఫ్యాన్ వేస్తే మైకులో మోత, అందుకని ఆపేశాం. కిటికీలు మూసేశాం. ఆ ఎండకి కంజీర తోలు బిగుసుకుపోయేది, అన్న మాటిమాటికీ దాని మీద నీళ్లు చల్లేవాడు. వీధి కొళాయికి నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే రోజులవి. మా ఆవిడ బిందె వైపు చూసేది, నా వైపు చూసేది. నేను కంప్యూటర్ వైపు చూసేవాణ్ని.

మొదటి పాట పల్లవి, "నా ఊరు ఈడనే ఉండాది."

నేను ఆపేశాను.

హైదరాబాద్‌లో "ఉండాది" అన్నందుకు క్లాసంతా నవ్వింది నన్ను. రెండేళ్లు నోరు కట్టుకుని ఆ మాట మానుకున్నా. "అన్నా, బయటోళ్లు నవ్వుతారు, 'ఉంది' అనన్నా" అన్నాను.

అన్న కంజీర ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత "చదువుకున్నోడివి, నీకు తెలుస్తాది" అని "ఉంది" అని పాడాడు. అన్ని పాటల్లోనూ.

కంజీర దెబ్బ ఆ "డా" మీద పడాలి. "ఉంది"లో అది లేదు. దెబ్బ ఖాళీలో పడేది. నాకు వినిపిస్తూనే ఉంది, అయినా మిక్సింగ్‌లో సర్దేద్దాం అనుకున్నా. పెద్ద ఇంజనీర్‌ని కదా.

CD పట్టుకుని అన్న తాడిపత్రి వెళ్లాడు. మర్నాడే తిరిగొచ్చాడు.

"మాయమ్మ శానా బాగుండాది అనిందప్పా. ఎవురో పట్నమోళ్లు పాడినారా అనిండాది."

నవ్వుతూనే చెప్పాడు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

మళ్లీ కిటికీలు మూశాం. మళ్లీ బిందె. ఈసారి అన్న "ఉండాది" అనే పాడాడు, నేను ఆపలేదు. సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. మధ్యలో దగ్గులు కూడా తీయొద్దన్నాడు, తీయలేదు.

రెండ్రోజులకి ఫోన్. ఆ గొంతులో అంత సంతోషం జాకెట్ రోజుల్లో కూడా వినలేదు.

"మాయమ్మ తిట్టిందప్పా! 'ఏందిరా గొంతు ఇట్ల చెడగొట్టుకుంటివి, అంతా బండల దుమ్మే' అని తిట్టింది! నా గొంతే అని కనుక్కునింది!"

ఆ CD పెద్దగా అమ్ముడుపోలేదు. అన్న మళ్లీ దాని ఊసే ఎత్తలేదు. ఆయనకి కావాల్సింది దొరికింది. ఆయన పని ఆయన చూసుకున్నాడు, ఊపిరితిత్తులు ఆగేదాకా.

నేను మాత్రం చూడండి, ఈ పోస్టంతా "ఉంది" అనే రాస్తూ వచ్చాను. అలవాటు.

నిన్న ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి తిరిగొచ్చాక అన్న ఇంటి ముందు అరుగు మీద ఆ అమ్మ కూర్చుని ఉంది. చూపు లేదు ఇప్పుడు. ఎవరో నా పేరు చెప్పారు. చేత్తో తడిమి నా మణికట్టు పట్టుకుంది.

"అప్పా, నా కొడుకు గొంతు నీకాడ ఉండాదా?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలనిపించలేదు.

"ఉండాదమ్మా" అన్నాను.

దస్తగిరన్నా, దుమ్ము లేని చోట తీరిగ్గా ఊపిరి తీసుకో. అల్లా నిన్ను చల్లగా చూడాల.