జాబ్ కార్డు మీద నేను రాసిన మాట

మొన్న ఆదివారం పొద్దున నానక్‌రామ్‌గూడలో మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంటు సెల్లారులోకి, నడకకు వెళదామని దిగినవాణ్ణి దిగినట్టే నిలబడిపోయాను. ఎదురు ఫ్లాటు అబ్బాయి రాత్రంతా నిలిపి ఉంచిన తన కారును స్టార్టు చేశాడు. చేసీ చేయగానే ఇంజన్ పక్క నుంచి, రేకు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగలమని ఒక చప్పుడు, రెండంటే రెండు సెకన్లు వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఇంజన్ ఎంత బుద్ధిగా తిరిగిందంటే, ఇందాక చప్పుడు చేసింది ఇదేనా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. నేను అద్దం తట్టి, టైమింగ్ చైన్ ఒకసారి చూపించుకో నాయనా అన్నాను. “యాప్‌లో ఫాల్ట్ ఏమీ లేదంకుల్, ఫికర్ చేయకండి” అని నవ్వి వెళ్లిపోయాడు. వాడి మీద కోపం రాలేదు. వచ్చిన కోపమంతా నా మీదే, అదీ పదిహేనేళ్ల నాటిది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, గచ్చిబౌలి నుంచి ఖాజాగూడకు వెళ్లే దారిలో ఇంకా గుట్టలు గుట్టల్లాగే ఉన్న రోజులవి. ఆ దారిలోనే ఒక పెద్ద కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్లో నేను అడ్వైజరుగా పని చేసేవాణ్ణి. అడ్వైజర్ అంటే ఏమీ లేదు, టై కట్టుకుని, కారు తెచ్చినవాళ్ల మొర విని, జాబ్ కార్డు మీద ఇంగ్లీషులో రాసి లోపలికి పంపేవాడు. ఆ కార్డే కారుకు ఆస్పత్రి చీటీ. లోపల దాన్ని విప్పి చూసేవాడు మా బావ, అంటే మా అక్క భర్త. నన్ను ఆ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. చదువు ఏడో తరగతితో ఆగిపోయిన మనిషి, ఇంగ్లీషు రాదు, సంతకం తెలుగులో గుండ్రంగా పెట్టేవాడు. కానీ ఆయన చెవి ఉందే, ఆ చెవి కోసం పక్క సెంటర్ల వాళ్లు కూడా బండ్లు పంపేవాళ్లు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేవాడు. ఇంట్లో మా అక్కకు ఆయన జీతం కంటే ఆ చెవి గురించి చెప్పుకోవడమే ఎక్కువ ఇష్టం.

ఆ రోజుల్లోనే మా సెంటర్‌కు ఒక కొత్త టర్బో పెట్రోల్ ఇంజన్ వచ్చింది. ట్రైనింగులో చెప్పినదంతా నేను ఎక్కాల్లా బట్టీ పట్టాను: పద్దెనిమిది వందల సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, నూట అరవై హార్స్ పవర్, పెట్రోలు నేరుగా సిలిండర్లోకే కొట్టే ఇంజెక్టర్లు, వాల్వులూ పిస్టన్లూ లయ తప్పకుండా చూసేందుకు బెల్టు బదులు జీవితకాలం ఉంటుందని చెప్పిన టైమింగ్ చైన్. సైలెన్సర్ గుండా వృథాగా పోవాల్సిన పొగతోనే చక్రం తిప్పి, ఇంజన్‌లోకి గాలిని దూర్చే ఆ టర్బో అనేది నిజంగా తెలివైన వస్తువు, కాదనను. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుపోయేది. అంత పికప్ ఉన్న బండి కొన్న మహానుభావులు మాత్రం మొదటి ప్రశ్న మైలేజీ ఎంతిస్తుందండీ అనే అడిగేవాళ్లు.

రెండేళ్లు తిరిగేసరికి దాని రోగాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆయిల్ తాగేది, సర్వీసుకూ సర్వీసుకూ మధ్య డబ్బా డబ్బా పోయాల్సి వచ్చేది. వాల్వుల వెనుక మసి గడ్డకట్టి, పొద్దున పూట వణికేది. వాటర్ పంపు ప్లాస్టిక్ తొడుగు పగిలి కూలెంట్ కారేది, కాయిల్ పోయి ఒక సిలిండర్ పడుకునేది. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది మాత్రం చైన్. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పని చేస్తుంది. అది బలహీనపడితే రాత్రి నిలిపిన బండిని పొద్దున స్టార్టు చేసినప్పుడు ఆయిల్ పైకి ఎక్కేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. “పేరు టెన్షనర్, గది వదులైతే టెన్షన్ మనకు” అని బావ నవ్వేవాడు. పళ్లచక్రం మీద చైన్ ఒక్క పన్ను జారిందా, వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలి ఇంజన్ అక్కడికక్కడే సమాప్తం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు మన సైబరాబాద్ వాళ్లు మాత్రమే చేయగలరు. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఎంత దూరమని? ఆ కాస్త దూరానికి, ఏసీ వేసుకుని, ఇంజన్ ఆపకుండా, బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గరా గచ్చిబౌలి సిగ్నల్ దగ్గరా గంట నిలబడేవాళ్లు. మీటరు మీద కిలోమీటర్లు పెరగవు కదా, అందుకని ఏడాదిన్నర దాటినా ఆయిల్ మార్పించేవాళ్లు కాదు. బండి తిరగనేలేదు కదండీ అని నాతో వాదించేవాళ్లు. వాళ్లకు వినబడేలా బావ లోపలి నుంచి అనేవాడు, “బండి తిరగలే సారూ, ఇంజన్ తిరిగింది!” కంప్యూటర్లకే లెక్కలు నేర్పేవాళ్లకు ఈ ఒక్క లెక్క ఎందుకు ఎక్కేది కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నల్లటి ముసలి ఆయిలే టెన్షనర్‌ను తినేసేది.

చైన్ చప్పుళ్లు ఎక్కువయ్యేకొద్దీ వారంటీలో ఉచితంగా మార్చాల్సినవీ ఎక్కువయ్యాయి, పైనుంచి మా మేనేజరుకు చీవాట్లు మొదలయ్యాయి. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మాట మెత్తన. ఒకరోజు అడ్వైజర్లందరినీ కూర్చోబెట్టి, “చప్పుడు అని మనమే రాస్తే మనమే ఒప్పుకున్నట్టవుతుందండీ, నార్మల్ అని రాయండి, సరిపోతుంది” అన్నారు. అప్పటినుంచి ఆయిల్ తాగడం నార్మల్, వణుకు నార్మల్, గలగల నార్మల్. పైగా ఆ చప్పుడు చల్లటి ఇంజన్‌కే వస్తుంది. బండి మా దగ్గరకు చేరేసరికి వేడెక్కి ఉంటుంది కాబట్టి, ఏదండీ చప్పుడు అని మేమే ఎదురు అడిగేవాళ్లం. సిగ్గు లేకుండా అడిగేవాళ్లం.

నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసే ఒకాయన తన కారును సర్వీసుకని ముందురోజే మా దగ్గర వదిలి వెళ్లాడు. మర్నాడు పొద్దున బావ అందరికంటే ముందు వచ్చి, చల్లటి ఇంజన్‌ను స్టార్టు చేసి విన్నాడు. నేను టై సరిచేసుకుంటూ వచ్చేసరికి ఎదురొచ్చి, “చైన్ సాగింది బామ్మర్దీ, టెన్షనర్ పోయింది. వారంటీ ఇంక నెలే ఉన్నది, ఇప్పుడే మార్పియ్యాలె. రాయి” అన్నాడు. నేను తలూపాను. ఆ నెలలోనే నన్ను సీనియర్ అడ్వైజర్ని చేస్తారని మేనేజర్ చూచాయగా అని ఉన్నారు. కార్డు తీసి, చప్పుడు అన్న గడిలో నార్మల్ అని రాశాను. చెక్ చేసినవారి సంతకం ఉండాలి కదా, బావ దగ్గరకు తీసుకెళ్లి వేలితో చోటు చూపించాను. చేతులకు గ్రీజు ఉందని తుడుచుకుని, కార్డు వంక చూడనైనా చూడకుండా, నా మొహం చూసి సంతకం పెట్టాడు. ఆకలికి తాళలేక చేసిన తప్పయితే దేవుడైనా క్షమిస్తాడేమో. నాకు అప్పుడు ఆకలి లేదు, ఒట్టి కుర్చీ మీద యావ.

వారంటీ ముగిసిన రెండో వారంలో ఆ కారు ఖాజాగూడ చెరువు దగ్గర ఆగిపోయింది. చైన్ జారి, వాల్వులన్నీ వంగి, ఇంజన్ మొత్తం పోయింది. ఆయన వచ్చి చేసిన గొడవలో అన్యాయం ఏమీ లేదు. ఎవరో ఒకరిని బలి చేయాలి, కార్డు మీద సంతకం బావది. మేనేజర్ గదిలో నన్నూ నిలబెట్టి, కార్డు బావ ముందు పెట్టి, ఇలా ఎలా తేల్చావయ్యా, చెవి పని చేయడం లేదా అని అడిగారు. బావ కార్డు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా, అర్థం కాక చూస్తున్నాడని నాకు నేను చెప్పుకున్నాను. కుక్కిన పేనులా నిలబడ్డాను. బావ బయటికి నడిచాడు. ఆయన్ను మర్నాటి నుంచి రావద్దన్నారు.

మా లోకంలో అలాంటి మాట ఆగదు. ఆయనకు చెవి పోయిందట, చైన్ చప్పుడు కూడా వినబడలేదట అని ఊరంతా పాకింది. ఒక్క షెడ్డువాడు కూడా పిలవలేదు. చివరికి జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్రెసర్లు చూసుకునే పనికి కుదిరాడు. మా అక్కే అందరికంటే ఎక్కువ కుమిలింది. ఆమెకు ఉన్న ఒకే ఒక్క గొప్ప పోయింది మరి. కోపం వచ్చినప్పుడల్లా, “పిలిస్తె ఇనబడుతలేదా, గందుకే గదా కొలువు పోయింది!” అనేది. నేను అక్కడే కూర్చుని ఆమె పెట్టిన అన్నం తినేవాణ్ణి. సీనియర్ అడ్వైజర్‌గారిని కదా. ఛీ!

పదేళ్లు ఆ కంప్రెసర్ల రొద మధ్య పని చేస్తే ఏమవుతుంది? ఊరు అబద్ధంగా అన్నది నిజమైంది. ఆయనకు వినికిడి పోయింది. నేను రిటైరయ్యాక, ఇక మోయలేక, పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం జీడిమెట్లలో వాళ్లింటికి వెళ్లాను. బావ వరండాలో కూర్చుని ఉన్నాడు, అక్క లోపల పొయ్యి దగ్గర ఉంది. ఆయనకు మాత్రమే చెప్పి, కాళ్లు పట్టుకుని వచ్చేద్దామనుకున్నాను. మెల్లగా చెప్పాను. “ఏందీ?” అని చెవికి చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ ఏందీ అన్నాడు. ఇక గొంతు చించుకుని, “ఆ కార్డు మీద నార్మల్ అని రాసింది నేనే బావా! నువ్వు చెప్పింది నేను రాయలేదు!” అని అరిచాను. పక్కింటివాళ్లు కూడా తలుపు తీసి చూశారు.

బావ నా మొహం చూసి, తాపీగా అన్నాడు: “నాకెరుకే. ఇంగ్లీషు రాకున్నా ఆ ఒక్క మాట రోజుకు పదిసార్లు సూసెటోణ్ణి గదా. ఆ రూముల ఉన్నంతసేపు నువ్వు నోరు తెరుస్తవేమోనని సూసిన.” అక్కకు ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. చెప్పి ఉంటే ఆమెకు తమ్ముడు ఉండేవాడు కాదు, అది నాకు తెలుసు.

అక్క గడప దగ్గరికి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. నన్ను తిట్టలేదు, కొట్టినా బాగుండేది. మొగుడి వంక తిరిగి, “అయితే ఆనాడు నీకు ఇనబడ్డదా?” అని చాలా చిన్నగా అడిగింది. ఆయనకు ఆ మాట వినబడలేదు, ఏమిటన్నట్టు చూశాడు. అప్పుడు ఆమె నా వంక చూసింది. వినబడిందక్కా, అందరికంటే ముందు ఆయనకే వినబడింది అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత రాఖీ పండుగ వచ్చింది, వెళ్లింది. నా చేతికి ఏమీ లేదు.

ఇప్పుడు ఇంజన్ కింద ఒక తీగ తగిలిస్తే రోగాల పేర్లన్నీ తెర మీద వస్తాయి. జాబ్ కార్డు పోయి పలక లాంటి ట్యాబ్ వచ్చింది, ఎవరు ఏం రాశారో చేతిరాతను బట్టి చెప్పే వీలూ లేదు, స్క్రూడ్రైవర్‌ను చెవికి ఆనించుకుంటే కుర్రాళ్లు నవ్వుతారు. మన కాలమే మంచిదని నా ఈడువాళ్లు అంటుంటే నేను మాత్రం ఒప్పుకోను. మన కాలంలో అంత మంచి చెవులూ ఉండేవి, వాటి పక్కనే నాలాంటివాళ్లమూ ఉండేవాళ్లం. మా బావ చెవి మంచిదేనని మా అక్కకు చెప్పడానికి నాకు అన్నేళ్లు పట్టింది, చెప్పేనాటికి ఆ చెవి లేదు.