ఈగలు లేని తబేలా

మా తోడికోడలు పోయిన సోమవారం ఉదయం సూరత్ ఆసుపత్రిలో కన్నుమూసింది. కాలేయం చెడిందని తెలిసేసరికే ఆలస్యమైంది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కడదాకా ఆమె ధ్యాసంతా ఇంటి ఈగల మీదే.

ఈగలకు సోకే డీఎన్ఏ వైరస్‌ల ప్రజాతి ఒకటుంది, మస్కావైరస్ అంటారు. మనుషులకు దానితో హాని లేదు. అది సోకిన ఈగకు లాలాజల గ్రంథులు కడుపు నిండా ఉబ్బుతాయి, ఆడ ఈగకు గుడ్లు ఎదగవు. ఇదంతా ఆమె మా వంటగదిలో నిలబడి చెప్పినదే. పట్టిన ఈగలు చలికి కదలకుండా ఉంటాయని డబ్బాలో వేసి నా ఫ్రిజ్‌లో పెట్టేది.

"కొత్తిమీర పక్కన ఈగలేంటే?"

"మూత గట్టిగానే ఉందక్కా. మీ కొత్తిమీరకే మూత లేదు."

"ముందు చేతులు సబ్బుతో కడుక్కో."

కడుక్కునేది. మర్నాడు మళ్లీ అదే డబ్బా. చివరికి కింది అర ఆమెకే వదిలేశాను.

నిరుడు సూరత్‌లోనే గోడాదరాలో ఒక తబేలా నుంచి, అంటే గేదెల కొట్టం నుంచి, తెచ్చిన ఈగల్లో రెండింటికి ఉబ్బిన గ్రంథులు కనబడ్డాయి. ఆ సంబరంలో ఆ పూట ఆమె అన్నం తినలేదు.

"రెండు చాలవక్కా. పైకి అన్నీ ఒకేలా ఎగురుతాయి. ఇంకా కోసి చూసి, పరీక్షకు పంపితేగాని ఇక్కడ ఉందని రాయలేను."

మళ్లీ వస్తానని తబేలా చూసుకునే కరీంనగర్ మనిషికి ఫోన్ చేసింది. నేనూ తోడు వెళ్లాను. నేల కడిగి సున్నం చల్లి ఉంది. కుర్చీ మీద ఉతికిన తువ్వాలు పరిచాడు. ఒక్క ఈగ లేదు.

"ఈగల కోసమే వస్తానన్నాను కదయ్యా."

"గందుకే గద మేడం, నిన్ననే మందు కొట్టిచ్చిన. పోయినసారి ఈగలు జాస్తి ఉన్నయని పట్టుకపోయిండ్రనుకున్న."

నేనైతే కోప్పడేదాన్ని. ఆమె అతనిచ్చిన చాయ్ చివరిదాకా తాగింది. ఆటోలో మాత్రం, "మర్యాద చేశాడక్కా, ఏమంటాం?" అని ముఖం పక్కకు తిప్పుకుంది.

వానలకు ఈగలు తిరిగొచ్చాయి. అప్పటికే ఆమె మంచం పట్టింది. తబేలాకు ఎవరైనా వెళ్తున్నారా అని ఆసుపత్రిలో అడిగింది. ఎవరూ లేరన్నాను. నా ఫోన్ తీసుకుని తనే అతనితో మాట్లాడింది.

సోమవారం ఆమెను ఇంటికి తెచ్చాక అతను వచ్చాడు. చేతిలో గాజు సీసా, మూతికి గుడ్డ కట్టి ఉంది.

"మందు కొట్టలేదమ్మా. అన్నీ పానంతోనే ఉన్నయి."

గడప ముందు చెప్పుల గుంపు చూసి ఆగిపోయాడు. నేను సీసా అందుకున్నాను. గుడ్డ కింద ఈగలు ఒకదాని మీదొకటి పాకుతున్నాయి. వాటిలో జబ్బుది ఏదో కోసి చూడగల మనిషి లోపల చాప మీద ఉంది. ముఖం మీద ఈగలు వాలకుండా ఎవరో విసురుతున్నారు.