కలవని గొంతు

ఎమ్మిగనూరులో మాకు సంగీతం నేర్పిన టీచరమ్మను తలుచుకుంటే, ముందు గుర్తొచ్చేది ఆమె పైకెత్తే చేయి. అందరం పాడుతుంటే ఒక్కరు శ్రుతి తప్పినా చేయెత్తి పాటంతా ఆపేసేది. "కలవని గొంతు నాకొద్దు పాపా," అనేది. ఆ చేతికి వణికిపోయేవాళ్లం.

మొన్న ఆదోని నుంచి వెళ్లి చూశాను. ఇంట్లో ఆమె ఒక్కతే. ఫోన్‌ను తంబురాకు ఆనించి ఆన్‌లైన్ పాఠం చెబుతోంది. పిల్లలంతా మ్యూట్‌లో ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి గానీ, గదిలో ఆమె గొంతు తప్ప మరొకటి లేదు.

పాఠం అయ్యాక, "ఇంగ అందరూ మ్యూట్ తీసి ఒగసారి పాడండమ్మా," అంది.

గొంతులన్నీ ముందూ వెనకా వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మధ్యలో ఎవరింట్లోనో కుక్కర్ కూత. అలవాటుగా ఆమె చేతివైపు చూశాను. అది ఒడిలోనే ఉంది.

"శ్రుతి యాడుంది టీచరమ్మా దీంట్లో?"

"ఉండనీలే పాపా. ఇంట్లో మనుషులున్నట్టుంది."

పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి ఒక్క పాప మిగిలింది, పూర్తిగా శ్రుతి తప్పి పాడుతూ. టీచరమ్మ తన శ్రుతి వదిలేసి, ఆ పాప గొంతుతో గొంతు కలిపింది.