డ్యూటీలో ఉన్నవాళ్ల పాట

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది, మండు వేసవి. ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన ఊరు మా భిలాయి. అక్కడ సెక్టర్ 4లో మా నాన్నగారు లీజుకు తీసుకున్న పాత క్వార్టర్‌లో ముందు రెండు గదులే మా గేమ్ స్టూడియో. ఆరుగురం పనిచేసేవాళ్లం. కిటికీలో కూలర్ రోడ్డు రోలర్‌లా మోగేది. రికార్డింగ్ ఉన్నప్పుడల్లా దాన్ని ఆపేసి, చెమటలు కక్కుకుంటూ కూర్చునేవాళ్లం.

స్టూడియో పెట్టింది నేనే. అందులో నా పనిని నేరేటివ్ డిజైన్ అంటారు. వీడియో గేమ్‌కి కథ అల్లడం. సినిమా రచయితలకున్న సుఖం మాకు లేదు. సినిమాలో హీరో చెప్పిన దారినే నడుస్తాడు. గేమ్‌లో ఆడేవాడు తలుపు తీయమంటే తీయడు, వెనక్కి వెళ్లి కుర్చీ ఎక్కి గెంతుతాడు. వాడు ఎటు పోయినా కథ తెగకుండా చూసుకోవాలి. మా పెద్దత్తకి మాత్రం ఇది ఇప్పటికీ అంతుపట్టలేదు. "మా రమ కంప్యూటర్లో ఆటలాడుతాది, దానికి జీతం కూడా ఇస్తారట" అని పెళ్లిళ్లలో అందరికీ చెబుతుంది.

ఆ ఏడాది మాకు దొరికిన పని కాస్మిక్ హారర్ డిటెక్టివ్ గేమ్. కాస్మిక్ హారర్ అంటే దెయ్యాల కథ కాదు. దెయ్యానికి మనమీద పగైనా ఉంటుంది. ఇందులో భయపెట్టేదానికి మనం ఉన్నామన్న సంగతే పట్టదు. మనిషి పుట్టక ముందునుంచీ ఉన్నది, మనిషి పోయాకా ఉండేది, సముద్రం అడుగునో భూమి పొరల్లోనో నిద్రపోతూ ఉంటుంది. డిటెక్టివ్ ఆధారాలు ఏరుకుంటూ దాని దగ్గరికి పోతాడు. తెలిసేకొద్దీ మతి చలిస్తుంది. తెర మూలన ఒక గీత ఉంటుంది, దాన్ని శానిటీ మీటర్ అంటాం. అతని బుద్ధి స్థిమితం ఎంత మిగిలిందో అది చూపిస్తుంది. గీత అయిపోతే ఆట అయిపోయినట్టే.

మా గేమ్‌కి మూలం ఎప్పుడో పాశ్చాత్యుడొకాయన రాసిన కథ. హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. అందులో సముద్రపు ఒడ్డున ఊరు. మా పబ్లిషర్, అంటే పెట్టుబడి పెట్టి గేమ్‌ని అమ్మేవాళ్లు, దాన్ని మన దేశానికి మార్చమన్నారు. నేను మా ఊరికి దగ్గర్లో ఉన్న నందిని అనే గనుల ఊరి వైపు చూశాను. సున్నపురాయి గనులు. ఆ రాయి ఉందంటే లెక్కకందనంత కాలం కిందట అక్కడ సముద్రం ఉందన్నమాట. సముద్రం ఎండిపోయింది, దాని అడుగున నిద్రపోయినది పోలేదు. గని కాలనీలో మనుషులు మాయమవుతున్నారని ఇన్‌స్పెక్టర్ దేవ్ వస్తాడు. ఇంతవరకూ నాకు ఒళ్లు పులకరించే పనే.

పేచీ అంతా మూడో భాగంలో వచ్చింది. మూల కథలో ఆ రాక్షసిని కొలిచే గుంపు ఒకటి ఉంటుంది. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు, ఎవరికీ అర్థంకాని భాష మాట్లాడేవాళ్లు, చూడగానే అసహ్యం పుట్టే మొహాలవాళ్లు. ఆ గుంపుకి పబ్లిషర్ తరఫు ప్రొడ్యూసర్ బొమ్మలు గీయించి పంపాడు. తలమీద దీపాల కుండలు పెట్టుకున్న ఆడవాళ్లు, గని అంచున పాడుతూ ఊగుతుంటారు. బండ వెనక నక్కిన దేవ్‌కి గీత జారిపోతుంటుంది. ఆఖరికి అతను తుపాకీ తీస్తాడు. ఈ దృశ్యమే మా మైల్‌స్టోన్. మైల్‌స్టోన్ అంటే పనిలో ఒక మజిలీ. వాళ్లు దాన్ని ఆమోదిస్తేనే మిగతా పని, మా ఆరుగురి ఉద్యోగాలు నిలిచేది.

బొమ్మలు చూడగానే నాకు మంట పుట్టింది. భిలాయిలో ఎక్కడినుంచో రానివాళ్లు ఎవరు? మా ఊరు ఊరంతా ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్లదే. రాత్రి ఆకాశం ఎర్రగా వెలిగితే బయటివాళ్లు హడలిపోతారు. మేం ఫ్యాక్టరీలో స్లాగ్, అంటే కొలిమిలో కరిగిన చిట్టెం, పోస్తున్నారులే అని అటు తిరిగి పడుకుంటాం. అయినా ఆరుగురి అన్నం ముందుంది. తర్వాత నచ్చజెప్పుకోవచ్చులే అని ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం మా సౌండ్ డిజైనర్ వినయ్ ఆ దృశ్యానికి శబ్దాలన్నీ కలిపి నాకు వినిపించాడు. వినయ్ మా పక్కనే ఉన్న భిలాయి-3లో పుట్టి పెరిగిన తెలుగువాడు. హిందీ గడగడా వస్తుంది, తెలుగు తడుముకుంటూ వస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. గాలి, రాళ్లు జారుతున్న చప్పుడు, దూరంగా ముసలి ఆడగొంతు ఒకటి. దానికి కాస్త ప్రతిధ్వని కలిపాడు. నిజంగానే వెన్ను జలదరించింది. అంతలో మాటలు తెలిశాయి.

*పండక్కి రాలేదని కోపమెట్టుకోకు*
*డూటీకెళ్లినాడు మా సింహాచలం*
*సల్లగ సూడు తల్లీ సల్లగ సూడు*
*ఇంటికి తోలు తల్లీ ఇంటికి తోలు*

తర్వాత డూటీకెళ్లినాడు మా పైడయ్య. డూటీకెళ్లినాడు మా గురువులు. డూటీకెళ్లినాడు మా బుధ్‌రామ్. ఛత్తీస్‌గఢీ పేరు కూడా ఉంది అందులో.

హెడ్‌ఫోన్లు తీసేశాను. "ఎవరు పాడారు వినయ్ ఇది?"

"మా మామ్మ, దీదీ. ఫోన్‌లో రికార్డ్ చేసి ఉంచుకున్నా. ధున్, అదే ఆ రాగం, చాలా క్రీపీగా ఉంది కదా?"

"అర్థం తెలుసా?"

"పురానా భజన్ ఏదో అనుకున్నా. మతలబ్ నాకు తెలీదు దీదీ."

ఒక్కో చరణం అర్థం చెప్పాను. గనికి షిఫ్టులుంటాయి, అమ్మవారి పండగైనా కొందరు డ్యూటీకి పోక తప్పదు. రాలేకపోయినవాళ్ల పేర్లు ఆడవాళ్లు పాటలో కలిపి పాడుతున్నారు. తల్లీ, వీడు నిర్లక్ష్యంతో మానలేదు, డ్యూటీలో ఉన్నాడు, కోపపడకు, క్షేమంగా ఇంటికి పంపు, అని హాజరు వేయిస్తున్నారు. వినయ్ మొహం నల్లబడింది. "సింహాచలం మా తాత" అన్నాడు.

మన ఇంట్లో పాటని మన చేత్తోనే రాక్షసి పూజలో పెట్టామన్నమాట. భాష రాకపోతే మనవాళ్లు కూడా మనకి పరాయివాళ్లుగానే వినిపిస్తారు. ఆ పిల్లాణ్ని తిట్టబుద్ధి కాలేదు. తెలుగు మాట్లాడితే క్లాసులో నవ్వుతారని నోరు మూసుకుని పెరిగిన పిల్లలు మా ఊళ్లో ఇంటికొకరుంటారు.

ఎవరి గొంతు వాడినా వాళ్ల ఒప్పుదల తీసుకోవడం మా పనిలో నియమం. ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని భిలాయి-3 వెళ్లాం. వినయ్ మామ్మ అప్పలనరసమ్మగారు మంచం మీద కూర్చుని మునక్కాయలు గీస్తోంది. దృశ్యం పెట్టాం. తన గొంతు వినగానే ఆవిడ మొహం విప్పారింది.

"ఓరి గుంటడా, నా గొంతే! ఇస్పీకర్లో ఎంత బాగుందో సూడు. మీ తాతుంటే మురిసిపోవును."

తర్వాత తెరమీద దేవ్ తుపాకీ తీశాడు. పేలింది. కుండలు పగిలాయి. పాట ఆగింది. మునక్కాయ పక్కన పెట్టింది ఆవిడ.

"ఎవుల్ని కాల్చేడు?"

"పాడుతున్నవాళ్లని, మామ్మా" అన్నాడు వినయ్, తల ఎత్తకుండా.

"ఏటి సేసేరని?"

"అతనికి డర్ లగా. భయమేసింది."

"బయమేస్తే కాల్చేత్తాడా? నోట్లో నాలిక లేదా ఆడికి? ఏటి పాడతన్నారమ్మా అని అడగడానికేటి రోగం? నా మొగుడి పేరు తలుసుకుంటంటే నామీద తుపాకెత్తుతాడా ఎదవ!"

వినయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాట తీసేస్తాను మామ్మా. ఇప్పుడే డిలీట్ చేసేస్తా."

"పాటెందుకు తీత్తావురా? తుపాకీ తియ్యి."

పక్కనే పట్టాల మీద రైలొకటి ఇల్లు అదిరేలా పోయింది. అంతవరకూ నా బుర్రలో ఉన్న ఉపాయం కూడా పాట తీసి ఇంకేదైనా పెట్టడమే. అర్థంలేని కూతలు పెడితే ఎవరికీ బాధ ఉండదు, పబ్లిషర్ కూడా సరే అంటాడు. కానీ కూతలు పెట్టినా కాల్చేది ఆ మనుషులనే కదా. ఆవిడ ఒక్క మాటతో నా ఉపాయం బూడిదలో పోసిన పన్నీరైంది.

లేవబోతుంటే ఆవిడ నన్ను ఆపింది. "అమ్మడూ, ఆ ఇనస్పెట్రుకి ఇంటికాడ ఎవులూ లేరా?"

"కథలో లేరండి. ఒంటరివాడు."

"ఆడిదీ డూటీయే గదా మరి. పేరు సెప్పు, కలిపేత్తాను."

ఇంతకుముందే తనమీద తుపాకీ ఎత్తినవాణ్ని ఆవిడ పాటలో కలుపుకుంటానంటోంది. వినయ్ మైక్ తీశాడు. *డూటీకొచ్చినాడు మా దేవు బాబు, ఇంటికి తోలు తల్లీ ఇంటికి తోలు.* ఒక్కసారికే చక్కగా వచ్చింది. ఫ్యాన్ ఆపామని మాత్రం ఆవిడ విసుక్కుంది.

దృశ్యాన్ని మళ్లీ మొదట్నుంచీ అల్లాను. తుపాకీ లేదు. దేవ్ బండ చాటునుంచి లేచి వాళ్ల మధ్య కూర్చోవచ్చు. కూర్చుంటే పాటకి అర్థం తెర కింద కనిపిస్తుంది. ఒక్కో పేరు పాడినప్పుడల్లా గనిలోంచి ఒక్కో దీపం పైకొస్తుంది, ఒక మనిషి ఇల్లు చేరతాడు. ఆఖరి పేరు పాడతారు. దీపం రాదు. మళ్లీ పాడతారు. రాదు. అప్పుడు దేవ్ లేచి, అతన్ని వెతకడానికి ఆ లోతులోకి దిగాలి. దిగుతుంటే పైనుంచి తన పేరు వినిపిస్తుంది. పాట వినిపించినంతసేపూ గీత నిలబడుతుంది, దూరమైతే జారుతుంది. కింద నిద్రపోతున్నది నిద్రపోతూనే ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. మా వాళ్లు మొదటిసారి ఆడిన రోజున మా ఆర్టిస్ట్ మౌస్ వదిలేసి లేచి నిలబడింది. "ముందు వాళ్లంటే భయమేసేది దీదీ, ఇప్పుడు వాళ్లకేమవుతుందోనని భయమేస్తోంది" అంది.

ప్రొడ్యూసర్‌కి పంపాం. వీడియో కాల్‌లో హిందీలో మొదలెట్టాడు. పని బాగుంది, కానీ మూల కథకి ఇది విరుద్ధం, ఆ గుంపు భయపెట్టాలి, పాత దృశ్యం తిరిగి పెట్టండి అన్నాడు.

"మూల కథ రాసినాయన మా ఊరు రాలేదండి. ఆయన భయం ఆయనది. నేనెందుకు మొయ్యాలి?" అన్నాను.

"అంత సీరియస్‌గా తీసుకోకండి. ఎవరికీ తెలియని భాష, అందుకే భయం. అంతే."

"ఎవరికి తెలియదు? నాకు తెలుసు. పాడినావిడకి తెలుసు. మీకొక్కరికీ తెలియకపోతే అది తెలియని భాష అయిపోతుందా?"

అతను మెత్తగానే చెప్పాడు. పాత దృశ్యం పెట్టకపోతే ఒప్పందం ఇక్కడితో ఆపేయాల్సి ఉంటుందని.

"ఆపేయండి" అన్నాను.

కాల్ పెట్టేశాను. మా ప్రోగ్రామర్ ముందుగా నోరు విప్పాడు. "ఒక్క పాట కోసం అందరి కంచాలూ కాలదన్నావు దీదీ." ఆ మాటలో తప్పేం లేదు. అతనికి చిన్న బిడ్డ ఉంది. ఉండమని ఎవరినీ బతిమాలలేదు, వెళ్తానన్నవాళ్లని నిష్ఠూరమాడలేదు. అతనూ ఇంకొకతనూ వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు. ఇప్పటికీ హోలీకి వస్తారు. నలుగురం మిగిలాం. ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పి మీ జాలి అడగను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే మాట అంటాను.

పబ్లిషర్ ఆమోదించని భాగం మాదేనని ఒప్పందంలో ఉంది. ఆ ఒక్క దృశ్యాన్నీ చిన్న గేమ్‌గా మలిచి మేమే విడుదల చేశాం. లోకం తలకిందులు కాలేదు. ఆడినవాళ్లు ఆడారు, కొందరు డిటెక్టివ్ చేతిలో తుపాకీ లేకపోతే ఏం మజా అని తిట్టారు. ఎవరో నర్సు, ఏ ఊరో తెలియదు, ఇలా రాసింది: "నాకు పండగ రోజుల్లోనే డ్యూటీ పడుతుంది. ఆ పాటలో నా పేరు కలపాలంటే ఏం చెయ్యాలి?" వినయ్ అది వాళ్ల మామ్మకి తెలుగులో చదివి వినిపించాడు, తడుముకుంటూనే. "పేరు సెప్పమను, బేగి మైకు తే" అందట ఆవిడ.

ఆ గేమ్‌కి కాస్త పేరొచ్చాక పాత ప్రొడ్యూసరే ఫోన్ చేశాడు. దృశ్యం తీసుకుంటాం, కాకపోతే తుపాకీ కూడా పెడదాం, కాల్చాలా కూర్చోవాలా అన్నది ఆడేవాడి ఇష్టానికి వదిలేద్దాం అన్నాడు. పాత భయాల కథలు నా బల్లమీదికి ఎన్నొచ్చినా, ఎవరు ఎవరిని చూసి భయపడుతున్నారు, తుపాకీ ఎవరి చేతికిచ్చారు అని ముందు అడగడం నేర్చుకున్నది ఈ పనిలోనే. అందుకే జవాబుకి ఎక్కువసేపు తీసుకోలేదు. పాట ఉంటుంది, తుపాకీ ఉండదు అని చెప్పి ఫోన్ పెట్టేశాను.